పాత క్రిస్మస్ చెట్టు అలంకరణలను, వాటి జ్ఞాపకాలను ఎలా భద్రపరచాలి?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. క్రిస్మస్‌కు సరుగుడు కొమ్మను కుండీలో నిలిపి అలంకరించడం మా ఇంట్లో అవ్వ కాలం నుంచి వస్తున్న అలవాటు. వేలూరు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన అవ్వకు, స్వదేశానికి తిరిగి వెళ్తూ ఒక డాక్టరమ్మ ఇచ్చిపోయిన పల్చటి గాజు బుడగలు, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ముక్కలతో మా మేనత్త కుట్టిన నక్షత్రాలు, మాధవమాలలో మా నాయన చెక్కించి తెచ్చిన కొయ్య చిలుక ఇప్పటికీ ఒకే ట్రంకు పెట్టెలో ఉన్నాయి. (చిలుకకు ముక్కు విరిగినా, దాన్ని అన్నిటికంటే పైన కట్టాలని పిల్లలు పట్టుబడతారు.)

నా చింత గాజు బుడగల గురించే. ఇలాంటి వాటికి మెరుపునిచ్చే వెండి పూత గాజు లోపలి వైపున ఉంటుంది. తేమ చేరితే అది నల్లబడి, పెచ్చులుగా ఊడుతుంది. పైనున్న రంగు తడిగుడ్డ తగిలినా చెరిగిపోవచ్చు కాబట్టి, మెత్తటి కుంచెతో దుమ్ము దులపడానికి మించి నేను సాహసించడం లేదు. వానాకాలంలో పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ సంచులు ఉంచితే సరిపోతుందా, లేక ఒక్కొక్కదాన్నీ ఆమ్లం లేని (అంటే ఎన్నాళ్లున్నా చుట్టిన వస్తువును పాడుచేయని) కాగితంలో చుట్టాలా? అలాంటి కాగితం తిరుపతిలో దొరుకుతుందా?

రెండవ ప్రశ్న: ఏ వస్తువు ఎవరిచ్చారో, ఏ పండుగకు వచ్చిందో పూర్తిగా తెలిసినది ఇప్పుడు మేనత్త ఒక్కరికే. ఆమె చెప్పేది ఆమె గొంతులోనే రికార్డు చేయాలని ఉంది. ఏ మాట ఏ వస్తువుదో తర్వాతివారికి తెలియాలంటే, వేలాడదీసే దారానికి అంకె వేసిన చీటీ కట్టి పుస్తకంలో రాయడం మేలా, ఫోటోలతో కలిపి ఫోనులో ఉంచడం మేలా? ఇలా చేసినవారు తమ పద్ధతిని దయచేసి తెలియజేయగలరు.