ఆదివారం సమస్య: "తీగ వదులు జేయ తీపి పెరిగె"

నిర్వాహకుడు (విజయనగరం): మా భజన బృందంలోకి చిన్న అకూస్టిక్ బేస్ గిటార్ వచ్చింది. తీగ పొడవు 23.5 అంగుళాలే, ఒళ్లో ఇమిడిపోతుంది. దాన్ని సవరిస్తూ ఉంటే ఈ ఆటవెలది చివరి పాదం నోటికొచ్చింది, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ప్రేమలు, విరహాలు వద్దు, పూరణ బేస్ మీదే ఉండాలి. బిగిస్తేనే కదా తీగ పలికేది, మరి వదిలితే తీపి ఎలా పెరిగింది?

పాలకొండ కుర్రాడు: నాకు ఎత్తుగడ ఒక్కటే కుదిరింది.
బొబ్బిలి వీణకు పాలివాడితడయ్య...

నాగావళి గట్టు (శ్రీకాకుళం): తమ్ముడూ, సూర్యగణం, అంటే మూడు మాత్రల గణం, ఉండాల్సిన చోట "బొబ్బిలి" అని నాలుగు మాత్రల భగణం వేశావు. పోలిక మాత్రం చాలా బాగుంది, వదులుకోకు. "పనస వీణ కితడు పాలివాడు గదయ్య" అని ఎత్తుకో. ఆ వీణను ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు కాబట్టి ఊరి పేరు చెప్పకపోయినా మనవాళ్లకి తెలిసిపోతుంది.

బొబ్బిలి మాస్టారు:
అన్న పాడు పాట కనువుగా మన బేసు
మీది తీగ రెండు మెట్లు దింప
షడ్జ పంచమములు చక్కగా నమరెను
తీగ వదులు జేయ తీపి పెరిగె

గంటస్తంభం: మాస్టారూ, మొదటి పాదంలో "అ"కి "క"తో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) ఏ లెక్కన?

బొబ్బిలి మాస్టారు: పాటకు + అనువుగా. అచ్చుకి అచ్చే చెల్లింది. క్రితం నెల సిరిమాను సమస్యకి "సిరిమాను" అనే ఐదు మాత్రల సలగణాన్ని సూర్యగణంలో ఇరికించినవారు నా యతి పట్టుకోవడం బాగుంది.

గంటస్తంభం: ఆ పద్యం ఆ రాత్రే దిద్దాను, పాత దారంలో చూడండి. "సిరుల మాను" అని మార్చాను.

నాగావళి గట్టు: మార్చారు, కానీ పైడితల్లి ఉత్సవంలో కదిలేది సిరిమానే. గణం కోసం పేరు మార్చిన పద్యాన్ని నేను అప్పుడూ ఒప్పుకోలేదు.

నిర్వాహకుడు: బేస్ దగ్గరికి రండి. మాస్టారి చమత్కారం వివరం తెలిస్తేనే రుచిస్తుంది. బేస్ తీగలు కింది స్థాయి నుంచి ఈ, ఏ, డీ, జీ. మా అన్నయ్య పాడేది రెండు శ్రుతి, అంటే డీ. పైన ఉన్న లావు తీగను ఈ నుంచి డీకి దింపితే 41.2 హెర్ట్జ్ 36.7 అవుతుంది. అప్పుడు మొదటి మూడు తీగలూ వరసగా స, ప, స. పాటకి కింద షడ్జం నొక్కకుండానే దొరుకుతుంది. వీణలో అన్నిటికన్నా కింది స్థాయి తీగ అనుమంద్రం నుంచి పై స్థాయి తీగ సారణి దాకా ప, స, ప, స అని కట్టే పద్ధతికి ఇది దగ్గర. "రెండు మెట్లు" అని కొలత తప్పకుండా చెప్పడం నాకు బాగా నచ్చింది.

గంటస్తంభం: శ్రుతి లెక్క ఒప్పుకుంటాను. వాయించి చూశారా మరి? 34 అంగుళాల బేస్ తీగనే ఈ చిన్నదానికి వేస్తే అదే శ్రుతికి బిగువు సగం కూడా ఉండదు. అందుకే దీనికి వేరే తీగలు చేస్తారు. అలాంటి దాన్ని ఇంకా రెండు మెట్లు దింపితే ఆ తీగలో బిగువు మరో ఐదో వంతు పోతుంది. లాగే బలం తగ్గి మెడ కాస్త వెనక్కి వాలుతుంది, తీగ మెట్లకి కొట్టుకుంటుంది. తీపి వచ్చేది ఆ తరువాత పనితోనే: మెడ లోపల తీగల లాగుడుకి ఎదురు నిలిచే చువ్వను (ట్రస్ రాడ్) కాస్త సడలించాలి.
బండ తీగ వదలి బరబర మోగెను
మెడను దాగు చువ్వ మెల్ల సడల
గొణుగు మాని కొయ్య గొంతు విప్పెను గదా
తీగ వదులు జేయ తీపి పెరిగె

నాగావళి గట్టు: "గొణుగు మాని కొయ్య గొంతు విప్పె" చదివి లేచి నిలబడ్డాను! ఆ "గదా" మాత్రం గణం నింపడానికి వచ్చింది. ఇంకొకటి, సమస్య తీగ వదలమంది, మీరు చువ్వ వదిలారు.

గంటస్తంభం: రెండూ వదిలాను. మొదటి పాదం మళ్లీ చదవండి.

రాజాం రసికుడు: 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులుగా సంగీత కళాశాల మొదలైన విజయనగరంలో బేస్ గిటార్‌కి పద్యాలా?

బొబ్బిలి మాస్టారు: ఆ కళాశాలలోనే ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పారు బాబూ. అదీ సముద్రం దాటి వచ్చిన వాద్యమే. గంటస్తంభం గారూ, చువ్వ సంగతిలో మీదే పైచేయి.

నిర్వాహకుడు: బహుమతి గంటస్తంభం గారికి, "గదా" మారుస్తారన్న షరతు మీద. ఆయన చెప్పినట్టే చేశాను. తీగను మొదటి మెట్టు దగ్గర, మెడ పెట్టెను కలిసే మెట్టు దగ్గర నొక్కి మధ్యలో సందు చూస్తే అసలు లేదు. చువ్వ మరను ఎడమకి పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేస్తే విజిటింగ్ కార్డు దూరేంత సందు వచ్చింది. బరబర పోయింది. మాస్టారి పద్యాన్ని ఈ శనివారం భజనలో అన్నయ్య పాడతాడు, యతి దగ్గర "పాటకు, అనువుగా" అని విడదీసి మరీ.

గంటస్తంభం: "గొంతు విప్పెను భళీ". షరతు తీరింది.

నాగావళి గట్టు: "భళీ" కూడా గణం కోసమే.