వార్డ్ డిస్ట్రాయర్ హెచ్చరికను పట్టించుకుని ఉంటే పెర్ల్ హార్బర్ నష్టం తగ్గేదా?

సాగరయాత్ర:
1941 డిసెంబర్ 7 అనగానే అందరికీ హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద పడ్డ జపాన్ విమానాలే గుర్తొస్తాయి. కానీ ఆ ఉదయం తొలి గుండు పేల్చింది అమెరికావాళ్లే. పేల్చిన ఓడ వార్డ్, మొదటి ప్రపంచయుద్ధం నాటి నాలుగు పొగగొట్టాల డిస్ట్రాయర్. 1918లో కాలిఫోర్నియాలోని మేర్ ఐలండ్ యార్డులో మే 15న పని మొదలుపెట్టి జూన్ 1కల్లా నీళ్లలోకి దింపేశారు. 1921లో మూలన పడేసి, మళ్లీ 1941 జనవరిలో బయటికి తీశారు. సిబ్బందిలో చాలామంది మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నుంచి వచ్చిన రిజర్వు కుర్రాళ్లు. కెప్టెన్ అవుటర్‌బ్రిడ్జ్ బాధ్యత తీసుకుని రెండు రోజులే.

ఉదయం 6:37కి, అంటారెస్ అనే సరుకు ఓడ వెనకే రేవులోకి దూరబోతున్న చిన్న జపాన్ జలాంతర్గామి కనిపించింది. మొదటి ఫిరంగి గురి తప్పింది. మూడో నంబర్ ఫిరంగి 50 గజాల దూరం నుంచి దాని గోపురాన్ని కొట్టింది. వెంటనే డెప్త్ ఛార్జీలు, అంటే నీళ్ల లోపల పేలే బాంబులు, వేశారు. అవుటర్‌బ్రిడ్జ్ ముందు డెప్త్ ఛార్జీలు వేశామని ఒడ్డుకు చెప్పాడు. అది చాలదనిపించి 6:53కి, ఫిరంగితో కూడా కాల్చామని మళ్లీ పంపాడు. డెప్త్ ఛార్జీలంటే ఏ తిమింగలం మీదైనా వేస్తారు. ఫిరంగి పేల్చాలంటే ఎదురుగా కంటికి కనబడాలి కదా!

విమానాలు వచ్చిపడింది 7:55 ప్రాంతంలో. అంటే గంట టైముంది. ఆ గంటను చేజేతులా పోగొట్టుకున్నారన్నది నా వాదన. మీరేమంటారు?

కోస్తా కుర్రాడు:
సాగరయాత్ర గారూ, వార్డ్ వాళ్ల పనితనం మీద నాకు రెండో మాట లేదు. కానీ ఆ గంటతో ఏం చేసేవాళ్లు? యుద్ధనౌక ఆవిరి తెచ్చుకుని కదలాలంటే గంట సరిపోదు. బాయిలర్ ముందే వేడి మీదున్న నెవాడాకే దాదాపు ముప్పావు గంట పట్టింది. ఒకవేళ అన్నీ బయటికి వెళ్లినా, లోతు సముద్రంలో మునిగితే మళ్లీ పైకి తేవడం కుదిరేది కాదని, తర్వాత పసిఫిక్ నౌకాదళ అధిపతి అయిన అడ్మిరల్ నిమిట్జ్ కూడా అన్నాడు. రేవులో మునిగాయి కాబట్టే వెస్ట్ వర్జీనియా, కాలిఫోర్నియా లాంటి యుద్ధనౌకలు మళ్లీ యుద్ధానికి వెళ్లగలిగాయి.

ఇంకో సంగతి. వార్డ్ చెప్పింది జలాంతర్గామి గురించి. విమానాల గురించి కాదు. అది విని ఎవరైనా నీళ్లలోకి చూస్తారు కానీ ఆకాశంలోకి ఎందుకు చూస్తారు?

సాగరయాత్ర:
ఓడలు కదలాలని నేనెక్కడా అనలేదండీ. ఓడలోపల నీళ్లను ఆపే తలుపులు మూయమంటున్నాను. ఒక్లహామా అనే యుద్ధనౌక బోల్తాపడి 429 మంది పోయారు. కాలిఫోర్నియాలో తనిఖీ ఉందని అడుగు అరల మూతలు కొన్ని తీసేసి, కొన్ని వదులు చేసి ఉంచారు. టార్పెడో దెబ్బకు నీళ్లు ఆ దారినే లోపలికంతా పాకాయి. అలారం కొడితే జరిగే మొదటి పని ఆ మూతలు బిగించడమే. రెండోది, విమానాల మీద పేల్చే తుపాకుల దగ్గరికి మనుషులు పరుగెత్తడం. అలారం జలాంతర్గామి కోసం కొట్టినా విమానం కోసం కొట్టినా ఎవరి స్థానంలోకి వాళ్లు వెళ్లాల్సిందే.

లెక్క చూడండి. మొదటి విడతలో 183 విమానాలు వచ్చి 9 పోగొట్టుకున్నాయి. రెండో విడతలో వచ్చినవి అంతకంటే తక్కువే, కానీ 20 కూలాయి. మధ్యలో మారిందేమిటి? తుపాకుల వెనక మనుషులు సిద్ధంగా ఉన్నారు, అంతే. అదే సిద్ధం 7:30కి ఉండుంటే, నీళ్లకు ఆనినట్టు నిదానంగా వచ్చిన 40 టార్పెడో విమానాల్లో ఎన్ని మిగిలేవి?

చరిత్ర చదువరి:
ఇద్దరూ 6:53 దగ్గరే ఆగిపోయారు. అసలు కథ తెల్లవారుజామున మొదలైంది. 3:42కి కాండర్ అనే మైన్ స్వీపర్ (సముద్రంలో మందుపాతరలు ఏరే ఓడ) జలాంతర్గామి పెరిస్కోప్ చూసి వార్డ్‌కు లైటుతో సంకేతమిచ్చింది. వార్డ్ వెతికింది, దొరకలేదు. ఆ రెండు ఓడలూ ఆ సంగతి ఒడ్డుకు చెప్పలేదు. తర్వాత వాళ్లిద్దరూ రేడియోలో మాట్లాడుకుంటే ఒడ్డున స్టేషన్ వాళ్లు విన్నారు కూడా. మనకు పంపిన కబురు కాదు కదా అని ఊరుకున్నారు. పైగా కాండర్ లోపలికి వచ్చాక జలాంతర్గాములను ఆపే రేవు ముఖద్వారం వల మూయకుండా వదిలేశారు. వార్డ్‌ను మెచ్చుకునేటప్పుడు ఈ ముక్క కూడా కలపాలి.

కోస్తా కుర్రాడు:
మంచి పాయింట్, చదువరి గారూ. సాగరయాత్ర గారికి ఒక ప్రశ్న: అరిజోనా యుద్ధనౌక సంగతేంటి? ఓడ ముందుభాగంలోని మందుగుండు గది పేలి 1,177 మంది ఒక్క ఓడలోనే పోయారు. మొత్తం చనిపోయిన 2,403 మందిలో దాదాపు సగం. ఏ తలుపు మూస్తే అది ఆగేది?

పైగా అంతకుముందు నెలల్లో ఇలాంటి జలాంతర్గామి కబుర్లు ఎన్నో వచ్చి ఉత్తవని తేలాయి. డ్యూటీ ఆఫీసర్ కమిన్‌స్కీకి సందేశం చేరేసరికే 7:10 దాటింది. అతను ఫోన్లు తిప్పుతూనే ఉన్నాడు. అక్కడి నౌకాదళ జిల్లా అధికారి అడ్మిరల్ బ్లాక్ నిర్ధారణ అడిగాడు. పసిఫిక్ నౌకాదళ అధిపతి కిమెల్‌కు తెలిసేసరికి 7:40 అయింది. నేను ఆ కుర్చీలో ఉన్నా నిర్ధారణే అడిగేవాణ్ణి.

గోదారి గట్టు:
మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. వార్డ్ నిజంగానే ఆ సబ్‌మెరీన్‌ను ముంచిందా? రుజువు లేదని ఎక్కడో చదివాను.

సాగరయాత్ర:
అరవై ఏళ్లు ఆ అనుమానం ఉండేది, గట్టు గారూ. 2002 ఆగస్టులో హవాయి పరిశోధకులు దాదాపు 400 మీటర్ల లోతులో దాన్ని కనుక్కున్నారు. గోపురంలో గుండు దూసుకెళ్లిన రంధ్రం స్పష్టంగా ఉంది. రెండు టార్పెడోలూ పేలకుండా అలాగే ఉన్నాయి. ఆ మూడో నంబర్ ఫిరంగి ఇప్పుడు సెయింట్ పాల్‌లో ఉంది. వార్డ్ మాత్రం సైనికులను మోసే ఓడగా మారి, సరిగ్గా మూడేళ్ల తర్వాత, 1944 డిసెంబర్ 7న ఫిలిప్పీన్స్‌లోని ఓర్మోక్ అఖాతంలో ఆత్మాహుతి విమానం దెబ్బతింది. కాలిపోతున్న ఆ ఓడను ముంచేయమన్న పని ఓబ్రయన్ అనే డిస్ట్రాయర్ మీద పడింది. ఓబ్రయన్ కెప్టెన్ ఎవరో తెలుసా? అదే అవుటర్‌బ్రిడ్జ్.

ఇక కుర్రాడి గారి ప్రశ్న. అరిజోనాను తలుపులు కాపాడేవి కావు, ఒప్పుకుంటాను. కానీ ఒక్క ఓడను కాపాడలేమని మిగతావాటిని గాలికొదిలేస్తామా? నిర్ధారణ అడగండి, తప్పులేదు. అడుగుతూనే అలారం కొట్టొచ్చు. కబురు ఉత్తదైతే పోయేదేముంది, ఒక ఆదివారం నిద్ర.

7:02కి ఆ దీవిలోని ఒపానా రాడార్‌లో విమానాల పెద్ద గుంపు కనబడింది. కబురు అందుకున్న లెఫ్టినెంట్ టైలర్ అమెరికా బి-17 బాంబర్లే అనుకుని వదిలేశాడు. అంతకు కొద్దిసేపటి ముందే రేవు ముంగిట జలాంతర్గామి మీద ఫిరంగి పేలిందని అతనికి తెలిసుంటే అలా అనుకునేవాడా?

కోస్తా కుర్రాడు:
అతనికి చెప్పాల్సింది ఎవరు? రాడార్ ఆర్మీది, వార్డ్ నేవీది. రెండు కబుర్లూ ఒకేచోటికి చేరే ఏర్పాటు ఆ దీవిలో లేదు. కాబట్టి మీరంటున్న గంట కాగితం మీదే ఉంది. ఆర్మీ విమాన విధ్వంసక బ్యాటరీలు 31 ఉంటే ఆ ఉదయం పనిచేసినవి నాలుగే.

సాగరయాత్ర:
ఆర్మీని పక్కనపెట్టండి. ఓడల మీద తుపాకులూ తలుపులూ నేవీవే, సందేశం వచ్చిందీ నేవీకే. 7:12 నుంచి 7:55 దాకా 43 నిమిషాలు. ఒక్లహామాలో మూతలు బిగించడానికి అందులో సగం చాలు.