లేసు అల్లే మా ఊరి ఆడవాళ్ళు ఏజెంటు లేకుండా సొంతంగా అమ్ముకోగలరా?

గోదారి_గట్టు:

అందరికీ నమస్కారం. మాది నర్సాపురం పక్కన చిన్న ఊరు. మా అమ్మ, ఇద్దరు పిన్నులు, మేనత్త, వీధిలో ఇంకో పది మంది, అందరూ లేసు అల్లుతారు. మధ్యాహ్నం గిన్నెలు కడిగి అరుగు మీద కూర్చుంటే పొద్దుగూకే దాకా సూది ఆగదు, రాత్రి అందరూ పడుకున్నాక ట్యూబ్‌లైటు కింద మళ్ళీ ఇంకో గంట. ఏజెంటు వారానికోసారి వచ్చి దారం ఇచ్చి, అయిన సరుకు లెక్కపెట్టి పట్టుకెళ్తాడు. డబ్బులు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలీదు, అడిగితే "పై నుంచి రాలేదమ్మా" అంటాడు.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో టైం పెట్టి చూశాను. ఒక పువ్వుకి దాదాపు 15 నిమిషాలు. ఒక టేబుల్ రన్నర్‌కి (బల్ల మీద పొడుగ్గా పరిచే గుడ్డ) 60 పూలు, అంటే 15 గంటలు. పూలన్నీ కలిపే అతుకుపని 5 గంటలు, చుట్టూ అంచు 3 గంటలు, ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేయడానికి ఇంకో గంట. మొత్తం 24 గంటల పనికి ఇంట్లోకి వచ్చింది 450 రూపాయలు, గంటకి 19 రూపాయలు కూడా పడలేదు. ఆ లెక్క అమ్మకి చెప్తే "ఖాళీగా కూర్చునే బదులు ఏదో ఒకటి కదే" అంది. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. అమ్మ ఖాళీగా కూర్చోవడం నేను పుట్టాక ఒక్కసారి కూడా చూడలేదు మరి.

ఇప్పుడు ఇక్కడ తెలిసిన బొటీక్ ఆవిడ 20 రన్నర్లు కావాలంటోంది, కానీ ఒక్కోదానికి 900 మించి ఇవ్వనంటోంది. ఈ 14 మందితో ఒక గ్రూపు పెట్టి నేరుగా అమ్మితే బాగుంటుందని నా ఆశ. దారానికి పెట్టుబడి ఎవరు పెట్టాలి, ధర ఎలా కట్టాలి, ఇవేవీ నాకు తెలీదు. అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఏంటంటే, ఏజెంటుకి తెలిస్తే ఉన్న పని కూడా ఆపేస్తాడని మావాళ్ళు భయపడుతున్నారు. ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

దారం_ఉండ:

గోదారి_గట్టు గారూ, మీరు టైం పెట్టి చూశారు చూడండి, అక్కడే సగం పని అయిపోయింది. నేను ఆరేళ్ళు ఒక మహిళల గ్రూపుతో పనిచేశాను. మొదటి రెండేళ్ళు మేము గంటలు లెక్కపెట్టలేదు, పోటీ వాడి రేటు చూసి మా రేటు పెట్టేవాళ్ళం, అందుకే అమ్మినకొద్దీ మావాళ్ళు అలిసిపోయారు తప్ప చేతికి మిగిలింది లేదు.

900కి ఆ 60 పూల రన్నర్ ఒప్పుకోకండి. గంటకి 50 రూపాయలు అనుకున్నా కూలి 1,200, దారం ఒక 150, ఉతుకు, ప్యాకింగు 50, పాడైన ముక్కలకీ గ్రూపు నిధికీ పది శాతం కలిపితే 1,540 అవుతుంది. బొటీక్ ఆవిడని తప్పుపట్టడానికి లేదు, ఆవిడా అద్దె కట్టుకోవాలి కదా. కాబట్టి కూలి తగ్గించే బదులు వస్తువు మార్చండి. మామూలు కాటన్ గుడ్డ రన్నర్‌కి రెండు కొసలా మాత్రం లేసు పెట్టండి, 16 పూలు చాలు. పూలకి 4 గంటలు, అతికి గుడ్డకి కుట్టడానికి 3 గంటలు, 7 గంటలకి 350. గుడ్డ, కుట్టుకూలి, దారం కలిపి 300 వేసుకున్నా 650, మీద నిధికి 65. ఆవిడ చెప్పిన 900 లోపే ఉన్నారు, మీవాళ్ళకి గంటకి 50 కంటే ఎక్కువ పడే అవకాశం కూడా ఉంది. పూర్తి లేసు రన్నర్లు రెండే రెండు అల్లించి అసలు ధర రాసి షాపులో పెట్టమనండి, కొనేవాళ్ళు కొంటారు.

దారానికి అడ్వాన్సు అడగండి, మొహమాటపడకండి. తయారుచేసేవాళ్ళకి న్యాయమైన ధర దక్కాలని పనిచేసే ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థ నియమాల్లోనే ఉంది, చేతిపనుల ఆర్డరుకి తయారుచేసేవాళ్ళు అడిగితే కనీసం సగం డబ్బు వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలని. మీ ఆవిడ అందులో సభ్యురాలు కాకపోవచ్చు, కానీ అడగడానికి అదొక ఆధారం. లేదంటే మీ ఊరి డ్వాక్రా గ్రూపు పొదుపులోంచి చిన్న అప్పు తీసుకోండి.

ఇంకోటి, మమ్మల్ని బాగా ఏడిపించింది ఇదే, కాస్త వివరంగా చెప్తాను. ఒకే నమూనా, ఒకే దారం, ఒకే నంబరు సూది ఇచ్చినా పదిమంది అల్లితే పది సైజుల పూలు వస్తాయి. కొందరిది బిగువు చేయి, కొందరిది లూజు చేయి. విడిగా చూస్తే తేడా కనిపించదు, అతికాక మాత్రం రన్నర్ ఒక చోట ఉబ్బుతుంది, ఒక చోట లాక్కుపోతుంది. మొదట్లో మేము బిగువుగా అల్లేవాళ్ళని "కొంచెం వదులుగా అల్లమ్మా" అని బతిమాలేవాళ్ళం, రెండు పూలకి వదులు, మూడోదానికి మళ్ళీ బిగువే. చేయి మారదండీ, సూది మార్చాలి. బిగువు చేయికి ఒక సైజు లావు సూది, లూజు చేయికి ఒక సైజు సన్నం సూది. మంచి పువ్వు ఒకటి అట్టముక్క మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ అట్ట ఒక్కోటి ఒక్కొక్కరి ఇంట్లో ఇవ్వండి. ప్రతి పువ్వూ దాని మీద పెట్టి చూసుకుంటారు, మీరు వంక పెట్టే పని ఉండదు, వాళ్ళకి చిన్నబోయే పని ఉండదు. అతకడం మాత్రం ఇద్దరికే అప్పజెప్పండి. ఆర్డరుకి సరిపడా దారం ఒకే లాటులో కొనండి, తెలుపులో కూడా తేడాలుంటాయి, పక్కపక్కన పెడితే గానీ తెలీదు. మొదటి ముక్కని ఉతికి ఆరబెట్టి కొలిచాకే కొలత చెప్పండి, కాటన్ కుదించుకుపోతుంది.

ఏజెంటు_గారబ్బాయి:

నేను ఇంకో వైపు నుంచి చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. మా నాన్న ఇరవై ఏళ్ళు లేసు ఏజెంటుగా చేశారు. ఎగుమతి చేసేవాళ్ళు మాకు డబ్బులు ఇచ్చేసరికి ఒక్కోసారి మూడు నెలలు. సరుకులో మరక ఉందని, కొలత తేడా అని వెనక్కొస్తే ఆ నష్టం మా మీద. పండక్కో, ఆస్పత్రి ఖర్చుకో ఇంటికొచ్చి అడిగితే నాన్న లేదన్నది చాలా తక్కువ. ఆ అప్పులే ఆడవాళ్ళని మా దగ్గర కట్టిపడేశాయన్నది కూడా నిజం, అది నాకు పెద్దయ్యాక తెలిసింది, తెలిశాక బాధగా అనిపించింది.

అందుకని నా మాట ఏంటంటే, 14 మందీ ఒక్కసారి బయటికి రావద్దు. అప్పు బాకీ లేనివాళ్ళు ఐదారుగురితో మొదలుపెట్టండి. ఏజెంటుకి చాటుగా చేయొద్దు, ఊళ్ళో దాగదు. మీ అమ్మగారి చేతే చెప్పించండి, "బాబూ, నీ పని నీకు చేస్తాం, మా అమ్మాయి తెచ్చిన పని కొంచెం చేసుకుంటాం" అని. ఆయన ఇచ్చిన దారం మీ సరుకులో ఒక్క మూర కూడా కలవకూడదు. తూకం వేసి ఇచ్చిన దారంలో తేడా వస్తే ఆ మాట ఊరంతా పాకుతుంది, తర్వాత ఎవరు చెప్పినా నమ్మరు. రెండో ఆర్డరు, మూడో ఆర్డరు వచ్చాక మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. మీ బొటీక్ ఆవిడ రేపు మానేస్తే, మిమ్మల్ని నమ్ముకుని వచ్చిన ఇంటికి ఎవరున్నారో ముందే ఆలోచించండి.

పాత_లెడ్జరు:

కాగితాల సంగతి నేను చెప్తాను. నర్సాపురం క్రోషే లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఊరికే వచ్చింది అనుకుంటే లాభం లేదు, ఆ పేరు వాడుకోవాలంటే అల్లేవాళ్ళు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు చేసుకోవాలి. పదేళ్ళకోసారి జీఐని రెన్యూవల్ చేస్తూ ఉండాలి, ఆ బాధ్యత దాన్ని తీసుకున్న సంస్థది. మీ 14 మందీ కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే పహచాన్ ఆర్టిజన్ కార్డు తీసుకోండి, మేళాల్లో స్టాలు అడగడానికి అది కావాలి.

డబ్బులు ఆలస్యం అవుతాయనే భయం ఉంటే గ్రూపు పేరు మీద ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించండి, ఉచితం. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవాళ్ళు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటనివ్వకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే చక్రవడ్డీ, అదీ రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడు రెట్లు. కేసుల దాకా వెళ్ళమని చెప్పడం లేదు, బిల్లు మీద ఆ ఉద్యమ్ నంబరు ఉంటే చాలామంది తేదీ గుర్తుపెట్టుకుంటారు.

మీ అమ్మగారు అన్న మాట చదివి మనసు కలుక్కుమంది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త నర్సాపురం వచ్చి లేసు పనివాళ్ళ మీద పరిశోధన చేశారు, 1982లో పుస్తకంగా వచ్చింది. ఆవిడ చూసిందీ ఇదే. ఇంటి పని అంతా చేసుకుని ఆపైన గంటల తరబడి అల్లేవాళ్ళని గృహిణులు అన్నారు, వాళ్ళ పనిని తీరిక పని అన్నారు, అలా అన్నందుకే కూలి అంత తక్కువ ఇవ్వగలిగారు. నాలుగు దశాబ్దాలు దాటినా అదే మాట మీ అరుగు మీద వినిపించింది చూడండి. అందుకే మీ గ్రూపు రిజిస్టర్‌లో సరుకు లెక్కతో పాటు గంటల గడి కూడా పెట్టండి.

అతుకుపని_అమ్మ:

అమ్మా, నేను లేసు అల్లేదాన్నే, మా అమ్మాయి టైప్ చేస్తోంది. తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ నాకు సూది ఇచ్చింది, ఇప్పుడు నాకు 51.

నువ్వు చేసే పని మంచిది తల్లీ, కానీ కొన్ని మాటలు గుర్తుపెట్టుకో. సరుకు తీసుకున్న రోజే డబ్బు చేతిలో పెట్టు, కొంచెమైనా సరే. మాకు నెలకోసారి పదిహేను వందలు వచ్చేదానికంటే వారం వారం మూడొందలు వస్తే ఇల్లు నడుస్తుంది. ఎవరి డబ్బు వాళ్ళ పేరు మీద ఉన్న ఖాతాలోనే వెయ్యి. మొగుడి ఖాతాలో వేస్తే అది ఎటు పోతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

నలభై దాటిన వాళ్ళకి అందరికీ కళ్ళు చూపించు. తెల్ల దారంతో రాత్రి లైటు కింద అతకడం అంటే మాటలు కాదు, కుట్టు ఎక్కడ పడుతోందో చేతికి తెలుస్తుంది గానీ కంటికి తెలీదు. నాకు కళ్ళజోడు వచ్చిన వారం నా పని చూసి నేనే ఆశ్చర్యపోయాను, అంతకుముందు ఎన్ని కుట్లు దాటేశానో అప్పుడు తెలిసింది. అన్నాళ్ళూ పని బాలేదని నా డబ్బులు కోశారమ్మా, నేను చేతకానిదాన్ని అనుకున్నాను.

ఆర్డరు తొందర ఉందని ఆడపిల్లల్ని బడి మాన్పించి కూర్చోబెట్టనివ్వకు. ఎవరూ కావాలని చేయరు, "ఈ ఒక్క రోజుకే" అంటారు. నేను అలాగే మానేశాను, ఐదో తరగతిలో. ఆర్డరు తీసుకునేటప్పుడే పరీక్షల నెల చూసుకుని తీసుకో.

గోదారి_గట్టు:

అమ్మా, మీ మాటలు మా అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఆవిడ ఏ ఊరో అడుగు" అంది.

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇంతవరకు జరిగింది చెప్తాను. ఆరుగురితో మొదలుపెడుతున్నాం. అమ్మే వెళ్ళి ఏజెంటుతో మాట్లాడింది, ఆయన కాసేపు గొణిగాడు గానీ పని ఆపలేదు. బొటీక్ ఆవిడ కొసల లేసు రన్నర్‌కి ఒప్పుకుంది, 900కే, సగం అడ్వాన్సు పంపింది. దారం ఒకే లాటులో తెచ్చాం. కంటి పరీక్షకి ఈ ఆదివారం నలుగురిని తీసుకెళ్తున్నా. రిజిస్టర్‌లో గంటల గడి పెట్టాం, మొదటి రోజు మా పిన్ని "ఇదెందుకే, సిగ్గుగా ఉంది" అంది, మూడో రోజు ఆవిడే "నిన్న రాత్రి అరగంట రాయడం మర్చిపోయావు" అని గుర్తుచేసింది.

దారం_ఉండ గారూ, మా మేనత్తది బాగా బిగువు చేయి, ఆవిడ పూలు అట్ట గీత లోపలే ఉండిపోయేవి. మీరు చెప్పినట్టు ఒక సైజు లావు సూది ఇచ్చాం. మొదటి రెండు పూలు పెద్దవైపోయాయి, మూడోది గీత మీద సరిగ్గా కూర్చుంది. ఉతికి ఆరేశాం, రేపు పొద్దున కొలిచి ఎంత కుదించుకుందో ఇక్కడ రాస్తాను.