గ్యాస్ టర్బైన్ మొదటి దశ వేన్‌కి అన్ని వరుసల్లోనూ ఫ్యాన్ ఆకారపు రంధ్రాలే వేయాలా?

కూకట్‌పల్లి_థర్మల్:
కంబస్టర్ (ఇంధనం మండే గది) వెనకే ఉండే కదలని రెక్క, నాజిల్ గైడ్ వేన్ గురించి ఈ చర్చ. దాని గోడలోని రంధ్రాల నుంచి వచ్చే చల్లగాలి పొరలా పరుచుకుని లోహాన్ని కాపాడుతుంది. లీడింగ్ ఎడ్జ్ (వాయువు ముందుగా తగిలే అంచు) మీది షవర్‌హెడ్ రంధ్రాల గుంపుతో సహా ఏ వరుసలోనూ సాదా గుండ్రటి రంధ్రం ఉండకూడదన్నది నా వాదన. గుండ్రటి రంధ్రంలో బ్లోయింగ్ రేషియో (చల్లగాలి సాంద్రత × వేగాన్ని బయటి వాయువు సాంద్రత × వేగంతో భాగిస్తే వచ్చేది) 0.5–0.6 దాటితే గాలి ఉపరితలాన్ని వదిలి పైకి లేస్తుంది, దాని కింద వేడి వాయువు దూరుతుంది. నోటి దగ్గర పక్కలకి, ముందుకి 7 డిగ్రీల చొప్పున విప్పితే గాలి వేగం తగ్గి పరుచుకుంటుంది, రేషియో 1 దాటినా గోడకి అంటుకునే ఉంటుంది. గోల్డ్‌స్టీన్, ఎకర్ట్ బృందం 1974లోనే దీన్ని చూపించింది. లోహం 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఆయుష్షు సగానికి పడిపోయే చోట, అదే గాలితో ఎక్కువ రక్షణ దొరుకుతుంటే వద్దనడానికి కారణం కనపడదు.

రామచంద్రపురం_హాట్‌సెక్షన్:
ప్రెషర్ సైడ్ (వేన్ పుటాకార పక్క), సక్షన్ సైడ్ (కుంభాకార పక్క) వరకూ మీతో ఏకీభవిస్తాను. షవర్‌హెడ్ దగ్గర మాత్రం కాదు. స్టాగ్నేషన్ గీత (వాయువు అంచుకి తగిలి ఆగే చోటు) దగ్గర బయటి వాయువు వేగం దాదాపు సున్నా కాబట్టి, లోపలి నుంచి ఎంత తక్కువ గాలి పంపినా బ్లోయింగ్ రేషియో పెద్దదే అవుతుంది. అక్కడ రంధ్రాలు ఎత్తు దిశలో 20–30 డిగ్రీల వాలుతో ఉంటాయి. గోడ పలచన, వరుసలు దగ్గర దగ్గర, విప్పడానికి చోటే ఉండదు. అసలు భయం వేడి వాయువు రంధ్రంలోకి వెనక్కి పారడం. లోపలి పీడనం బయటి స్టాగ్నేషన్ పీడనం కంటే కనీసం 2–3 శాతం ఎక్కువ ఉండాలని చూస్తాం. ఆ కొద్దిపాటి తేడాతో నడిచే రంధ్రానికి నోరు పెద్దదైతే, అందులో ఒక పక్కన వేడి వాయువు చొరబడే చోటు మీరే ఇచ్చినట్టవుతుంది.

బాలానగర్_ఈడీఎం:
తయారీ సంగతి కూడా చూడండన్నా. ఈడీఎంలో (విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచే పద్ధతి) గుండ్రటి రంధ్రం ఇత్తడి గొట్టం ఎలక్ట్రోడ్‌తో త్వరగా పడిపోతుంది. ఫ్యాన్ నోటికి దువ్వెనలా చెక్కిన రాగి ఎలక్ట్రోడ్ కావాలి, అది అరిగేకొద్దీ కోణం మారుతుంది. మరో చిక్కు, వేడిని ఆపే సెరమిక్ పూతకి విద్యుత్ పారదు కాబట్టి పూత వేశాక ఈడీఎం పనికిరాదు, లేజరే దిక్కు. లేజర్‌తో వాలుగా దూసుకెళ్తే ఎగువ పెదవి దగ్గర, అంటే లోహం పలచబడే అంచున, పూత పొర లేచిపోతుంది. లోపల ఎదురు గోడకి కిరణం తగలకుండా కుహరంలో మైనం లాంటిది నింపాలి. లేకపోతే ఆ గోడలో గుంట పడుతుంది, రీకాస్ట్ పొరలో (కరిగి మళ్లీ గట్టిపడిన లోహం) సన్నని పగుళ్లు మిగులుతాయి.

కూకట్‌పల్లి_థర్మల్:
అయితే ముందే ఈడీఎంతో రంధ్రం వేసి, తర్వాత పూత వేద్దాం. ఫ్యాన్ రంధ్రంలో గాలిని కొలిచే సన్నటి గొట్టం భాగం లోతున ఉంటుంది, అక్కడిదాకా పూత చేరదు.

కంచన్‌బాగ్_కోటింగ్:
మీరన్నది సగమే నిజం. మిగతా సగంలోనే ప్రమాదం ఉంది. 0.5 మి.మీ. గుండ్రటి రంధ్రం నోట్లో చుట్టూ 0.05 మి.మీ. పూత పేరుకుంటే వ్యాసం 0.4కి పడుతుంది, విస్తీర్ణంలో 36 శాతం పోతుంది. ఫ్లో బెంచ్ (రంధ్రాల గుండా పారే గాలిని కొలిచే యంత్రం) మీద గాలి తగ్గుదల వెంటనే బయటపడుతుంది, ఆ వేన్‌ని పక్కన పెడతారు. ఫ్యాన్ రంధ్రంలో ఆ జాడ ఉండదు. ప్లాస్మా స్ప్రే పైనుంచి పడుతుంది కనుక, పైకి చూసే దిగువ గోడ మీద పూత గుట్టగా పేరుకుంటుంది. సన్న భాగం చెక్కుచెదరదు కాబట్టి గాలి లెక్క సరిగ్గానే వస్తుంది. కానీ దిగువ గోడ మీది ఆ గుట్ట గాలిని పైకి ఎగదోస్తుంది. ఫ్లో బెంచ్ దాన్ని పట్టుకోలేదు. ఎలక్ట్రాన్ బీమ్ ఆవిరి పూతలో మూసుకుపోవడం తక్కువ, కానీ ఖర్చు ఎక్కువ.

రామచంద్రపురం_హాట్‌సెక్షన్:
ఇంకో విషయం. మీ వాదనకి ఆధారమైన రిగ్ (ప్రయోగశాల పరీక్ష అమరిక) గ్రాఫులు ఏ సాంద్రత దగ్గర తీసినవి? రిగ్‌లో చల్లగాలి సాంద్రత బయటి గాలికి దాదాపు సమానం. ఇంజిన్‌లో సుమారు రెండింతలు. గాలి లేచిపోతుందా లేదా అన్నది తేల్చేది ప్రధానంగా మొమెంటం రేషియో, అంటే బ్లోయింగ్ రేషియో వర్గాన్ని సాంద్రతా నిష్పత్తితో భాగిస్తే వచ్చేది. బ్లోయింగ్ రేషియో 1 అయితే రిగ్‌లో అది 1, ఇంజిన్‌లో 0.5. రిగ్‌లో మొమెంటం రేషియో 0.8 దాటి పూర్తిగా లేచిపోయిన గుండ్రటి జెట్, ఇంజిన్‌లో లేచి మళ్లీ అతుక్కునే స్థితిలో ఉంటుంది. అంటే గుండ్రటి రంధ్రాన్ని మీరు అది ఉన్నదానికంటే తక్కువ చేసి చూపుతున్నారు.

కూకట్‌పల్లి_థర్మల్:
సాంద్రత మాట ఒప్పుకుంటాను. అయినా పక్కలకి పరుచుకోవడంలో ఫ్యాన్ రంధ్రానిదే పైచేయి. లేచి మళ్లీ అతుక్కున్న జెట్ రెండు రంధ్రాల నడుమ చోటుని కప్పదు. ప్రెషర్ సైడ్ పుటాకార గోడ మీద అది స్పష్టంగా కనిపిస్తుంది.

కంచన్‌బాగ్_కోటింగ్:
అయితే ప్రెషర్ సైడ్‌లో ఫ్యాన్ పెట్టండి, షవర్‌హెడ్ గుండ్రంగానే వదలండి. డ్రాయింగ్‌లో నోటి కొలతలు పూత తర్వాతవని రాయండి. ఈడీఎంలో నోరు దిగువ వైపు పూత మందమంత ఎక్కువగా తీయించండి. ఒక్కో బ్యాచ్ నుంచి ఒక వేన్‌ని కోసి, నోటి అడ్డకోతని మైక్రోస్కోప్ కింద కొలవండి. ఫ్లో బెంచ్ కాగితం ఒక్కటే చూసి అంగీకరిస్తే నా సంతకం దొరకదు.

బాలానగర్_ఈడీఎం:
బ్యాచ్‌కి ఒకటి కోయడమంటే ఖరీదైన వేన్ చెత్తలోకి పోయినట్టే. నోటి దగ్గర 3డీ స్కాన్ చాలదా సార్?

కంచన్‌బాగ్_కోటింగ్:
నోటి ఆకారానికి సరిపోతుంది. కానీ పూత కింద బాండ్ కోట్ (సెరమిక్‌ని లోహానికి పట్టి ఉంచే పొర) మందం, అంచున ఊడటం స్కాన్‌లో కనపడవు. మొదటి మూడు బ్యాచ్‌లు కోయండి, కొలతలు నిలకడగా ఉంటే తర్వాత స్కాన్‌కి మారండి.