వైజాగ్ నుంచి హైదరాబాద్ షిఫ్టింగ్, లాసెట్, ఆగస్టులో ఫుల్ మారథాన్: మూడూ కుదురుతాయా?

రుషికొండ_రన్నర్:
అందరికీ నమస్తే అండి. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్. నాది వైజాగ్, ఇక్కడే చదివి ఇక్కడే బీకాం చేసి ఇక్కడే ఉద్యోగం చేస్తున్నా. ఇప్పుడు మా టీం మొత్తాన్ని హైదరాబాద్ రమ్మంటున్నారు, ఆఫీసు హైటెక్ సిటీలో, జూన్ నెలాఖరుకి జాయిన్ అయిపోవాలి. వెళ్ళడం నాకూ ఇష్టమే, ఎందుకంటే మూడేళ్ల ఎల్ఎల్‌బీ చెయ్యాలని ఎప్పట్నుంచో ఉంది, ఓయూలో సీటొస్తే ఇంకేం కావాలి అనుకుని లా ఎంట్రన్స్ పరీక్ష తెలంగాణ లాసెట్‌కి అప్లై చేసేశా. ఇదిలా ఉంటే ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్‌కి కూడా పేరిచ్చేశా, ఇప్పటిదాకా హాఫ్‌లే చేశాను, ఇదే మొదటి ఫుల్. ఆదివారం తెల్లారగట్ల ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్క్ దాటి రుషికొండ దాకా వెళ్ళి వెనక్కి రావడం ఇప్పుడు నా లాంగ్ రన్.

ఇంట్లో వాళ్ళు అయితే పరుగు ఒక్కటి ఆపేస్తే అన్నీ కుదురుతాయి అంటున్నారు, నాకేమో పరుగు ఆపితే మిగతావి కూడా చెయ్యబుద్ధి కాదు. చదువు, సామాన్లు సర్దడం, ట్రైనింగ్ అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఉద్యోగం చేస్తూ లా చదివినవాళ్ళు, ట్రైనింగ్ మధ్యలో ఊరు మారినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఏది వదిలెయ్యాలి?

నల్లకోటు:
చెల్లె, ముందుగాల డేట్లు చూస్కో. లాసెట్ మే, జూన్‌లనే అయిపోతది. కౌన్సెలింగ్ 2024, 2025 రెండేండ్లు కూడా ఆగస్టులనే షురూ అయింది, క్లాసులు ఆ తర్వాతనే. అంటే పరీక్షకు, క్లాసులకు నడిమిట్ల నీ షిఫ్టింగు, నీ రేసు రెండు పడ్తున్నయ్. ఒకటి అయినంక ఒకటి వస్తున్నయ్ గానీ అన్నీ ఒక్కసారి మీద పడ్తలేవు. పరీక్షకు గంటన్నర టైం, 120 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. అందుల 60 లా ఆప్టిట్యూడ్, జీకే-మెంటల్ ఎబిలిటీ 30, కరెంట్ అఫైర్స్ 30. క్వాలిఫై కావడానికి 42 చాలు గానీ ఓయూ క్యాంపస్ కావాలంటే 42తోని ఏం గాదు. రోజు గంటన్నర కూసుంటే అయితది, దీని కోసం పరుగు ఆపే పని లేదు.

నాకు భయం ఏడ ఉన్నదంటే వేరే రెండు ముచ్చట్ల ఉన్నది. ఒకటి సీట్లల్ల లోకల్ కోటా. నువ్వు చదువంత వైజాగ్‌లనే చేసినవ్ కాబట్టి ఇక్కడ నాన్-లోకలే. హైదరాబాద్‌ల ఇల్లు కిరాయికి తీస్కున్నంత మాత్రాన లోకల్ అయిపోరు, ఏడ చదివినవో చూస్తరు. విభజన చట్టంల అడ్మిషన్లకు పెట్టిన పదేండ్ల గడువు 2024 జూన్ 2తోని ముగిసింది, ఆ తర్వాత రూల్స్ మారినయ్. పాత వీడియోలు చూసి, అప్పట్ల నాన్-లోకలోళ్ళు కూడా పోటీ పడ్డ 15 శాతం సీట్లల్ల నాకు కూడా వస్తది అనుకోకు, ఈ ఏడు నోటిఫికేషన్‌ల ఆ పేజీ ఒక్కటి రెండుసార్లు చదువు. ఏపీ లాసెట్‌కు కూడా అప్లై చేసి పెట్టుకో, ఆంధ్రా యూనివర్సిటీల అయితే నువ్వు లోకలే కదా, ఒకవేళ ఆఫీసోళ్ళు మనసు మార్చుకుంటే పనికొస్తది. ఈడనే చదవాలంటే సొంతంగ అడ్మిషన్లు ఇచ్చే ప్రైవేట్ యూనివర్సిటీలు ఉన్నయ్ గానీ ఫీజు చూస్తే కండ్లు తిరుగుతయ్.

రెండోది హాజరు. ఎల్ఎల్‌బీ అంటే రెగ్యులర్ కోర్సు, దూరవిద్యల చదివి నల్లకోటు వేసుకుంట అంటే నడ్వదు. బార్ కౌన్సిల్ రూల్ ప్రకారం 70 శాతం హాజరు ఉండాలె. కాలేజీకి పోకున్నా ఏం గాదులే అని చెప్పేటోళ్ళు మస్తు మంది దొరుకుతరు, నమ్మకు. 2024 సెప్టెంబర్‌ల బార్ కౌన్సిల్ సర్క్యులర్ ఇచ్చింది, బయోమెట్రిక్ పెట్టాలె, క్లాసులల్ల కెమెరాలు పెట్టాలె, చదువుకుంట ఉద్యోగం చేసేటోళ్ళు ఆ సంగతి రాసి ఇయ్యాలె, ఆఫీసు నుంచి నో అబ్జెక్షన్ తేవాలె అని. కాబట్టి జాయిన్ కాకముందే మీ మేనేజర్‌తోని మధ్యాహ్నం షిఫ్టు సంగతి తేల్చుకో, అది కూడా మెయిల్‌ల.

ఫ్లైఓవర్_బాధితుడు:
లా గురించి పై అన్న చెప్పేశారు, నేను రన్నింగ్ సంగతి చెప్తా. హైదరాబాద్ మారథాన్ ఫుల్ అంటే నెక్లెస్ రోడ్ పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో అయిపోతుంది, మధ్యలో ఫ్లైఓవర్లు, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తులు, కేబుల్ బ్రిడ్జి... ఎక్కామా దిగామా మళ్ళీ ఎక్కామా అన్నట్టే ఉంటుంది ఆ రూటు. వైజాగ్ ఉక్కలో పరిగెత్తే మీకు ఇక్కడి గాలి హాయిగానే ఉంటుంది, దెబ్బ తగిలేది తొడలకి, అదీ ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడు ఎక్కువ. మీరు అదృష్టవంతులు, పక్కనే సింహాచలం ఘాట్ రోడ్డు, కైలాసగిరి ఉన్నాయి, షిఫ్ట్ అయ్యేలోపు వారానికోసారి అక్కడ ఎక్కి దిగండి, దిగేటప్పుడు బ్రేకులేసినట్టు మడమల మీద పడకుండా చిన్న చిన్న అడుగులు వేస్తూ అలవాటు చేసుకోండి.

అసలు ఇబ్బంది ఏంటంటే ఆగస్టు చివర రేసు అంటే 28, 30 కిలోమీటర్ల లాంగ్ రన్‌లు జూలైలో పడతాయి, అంటే కొత్త ఊళ్ళో, కొత్త ఆఫీసులో, ఇంకా సామాన్ల అట్టపెట్టెలు కూడా విప్పకుండానే. షిఫ్టింగ్ వారం మైలేజ్ గురించి బెంగ పెట్టుకోకండి, సగానికి తగ్గించినా, అందులో ఒక్క రోజు కాస్త స్పీడ్‌గా పరిగెడితే చాలు ఫిట్‌నెస్ ఎక్కడికీ పోదు. పోయిన కిలోమీటర్లు తర్వాత వారం వడ్డీతో సహా కలుపుకోవాలని చూస్తేనే పిక్కలు పట్టేస్తాయి. ఇంకోటి, సామాన్లు మోసిన మర్నాడు లాంగ్ రన్ పెట్టుకోకండి, నడుము చాలా తిడుతుంది. జూలై మూడో వారానికి కూడా 28 దాటలేదంటే హాఫ్‌కి మార్చుకునే వీలుందేమో నిర్వాహకుల్ని అడగండి, అందులో సిగ్గుపడేదేం లేదు.

గోడ_మీద_పిల్లి:
ఒకటి పూర్తిగా చేసి ఇంకోటి పట్టుకోవాలి అనేవాళ్ళు మా నాన్నగారు. నా ఓటు లాకి. మారథాన్ ప్రతి ఏడూ వస్తుంది.

రుషికొండ_రన్నర్:
లాసెట్ కూడా ప్రతి ఏడూ వస్తుంది కదండీ 😀 వయసు లిమిట్ కూడా లేదు.

నల్లకోటు గారూ చాలా చాలా థాంక్స్, లోకల్ సంగతి నాకు అస్సలు తెలీదు, ఏపీ లాసెట్‌కి కూడా ఈరోజే కట్టేస్తా. షిఫ్టు గురించి అడిగాను, మధ్యాహ్నం 2 నుంచి ఇవ్వడానికి ఒప్పుకునేలా ఉన్నారు, మెయిల్ పెట్టమంటా. ఫ్లైఓవర్ గారూ, ఘాట్ రోడ్డు ఈ వారం నుంచే మొదలు.

ఇంకో విషయం చెప్పలేదు, అమ్మ కూడా నాతోనే వస్తుంది. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. అందుకని ముందు హాస్టల్‌లో ఉండి తర్వాత ఇల్లు చూసుకోవడం కుదరదు. ఆఫీసువాళ్ళంతా గచ్చిబౌలి, కొండాపూర్ అంటున్నారు, అక్కడి అద్దెలు వింటేనే ఆయాసం వస్తోంది. ఇల్లు ఎక్కడ తీసుకోమంటారు?

తార్నాక_అక్క:
ఇదమ్మా అసలు ప్రశ్న. ఏది వదలాలి అని అడుగుతున్నావు కానీ ఇల్లు సరైన చోట దొరికితే ఏదీ వదలక్కర్లేదు, తప్పు చోట తీసుకుంటే ఆ ట్రాఫిక్‌లోనే మూడూ పోతాయి.

నా మాట విని తార్నాక, హబ్సిగూడ వైపు చూడు. తార్నాకలో మెట్రో ఎక్కితే రాయదుర్గం లైనే, ఎక్కడా మారకుండా హైటెక్ సిటీలో దిగుతావు, ముప్పావుగంట పైనే పడుతుంది కానీ కూర్చునే చోటు దొరికితే అదే నీ చదువు టైం. పొద్దున పరుగుకి ఓయూ క్యాంపస్ పక్కనే. ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద తెల్లారకముందే జనం ఉంటారు, రిటైరయిన మాస్టార్లు చేతులు ఊపుకుంటూ రోడ్డుకి అడ్డంగా వరసగా నడుస్తుంటారు, పోలీసు ఉద్యోగాలకి ప్రిపేర్ అయ్యే పిల్లలు షూ కూడా సరిగ్గా లేకుండా మనల్ని దాటేసి పోతుంటారు, చెట్ల నీడ ఉంటుంది, చిన్న చిన్న ఎత్తులూ ఉంటాయి. ఒక్కదానివే ఉన్నా భయం వెయ్యదు. కుక్కలు మాత్రం ఉన్నాయి, మూలమలుపుల దగ్గర పరుగు ఆపి నడిచెయ్, అవే ఊరుకుంటాయి. లాంగ్ రన్‌కి మాత్రం ఒంటరిగా రోడ్డెక్కకు, హైదరాబాద్ రన్నర్స్ లాంటి గ్రూపులతో కలిసి వెళ్ళు, ఆదివారం తెల్లవారుజామున రాత్రి పార్టీల నుంచి ఇంటికెళ్ళే కార్లు ఎలా వస్తాయో తెలుసు కదా.

అమ్మ కోసం గ్రౌండ్ ఫ్లోర్ అడుగు, లిఫ్ట్ ఉంది అని మూడో ఫ్లోర్ అంటగడతారు, కరెంట్ పోతే జనరేటర్ లిఫ్ట్‌కి ఉందో లేదో అడగరు ఎవరూ.

నల్లకోటు:
అక్క చెప్పింది మంచిగనే ఉన్నది గానీ సీటు ఓయూలనే వస్తదని గ్యారంటీ ఏమున్నది? ఎల్‌బీ నగర్ దిక్కు పడొచ్చు, ఇంకేడనన్న పడొచ్చు. అందుకని అగ్రిమెంట్ 11 నెలలకు రాయించుకున్నా, నెల ముందు చెప్పి ఖాళీ చేయొచ్చు అని ఒక లైన్ పెట్టియ్. ఓనర్లు నోటితోని సరే అంటరు, కాయితం మీద ఉండదు. అడ్వాన్స్ ఎప్పుడు వాపస్ ఇస్తరో, పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటరో కూడా రాయించు. లా చదవబోతున్నవ్ కదా, ఇదే మొదటి ప్రాక్టికల్ అనుకో.

తార్నాక_అక్క:
అదీ నిజమే. అయినా అమీర్‌పేటలో లైన్ మారితే ఎల్‌బీ నగర్ కూడా మెట్రోలోనే పోవచ్చులే, స్టేషన్‌కి నడిచే దూరంలో ఇల్లుంటే ఎక్కడ సీటొచ్చినా మరీ కష్టం కాదు.

రుషికొండ_రన్నర్:
వచ్చే శనివారం అమ్మని తీసుకుని తార్నాక వస్తున్నా ఇళ్ళు చూడ్డానికి. ఫుల్ ఇప్పటికైతే అలాగే ఉంచుతున్నా, జూలైలో 28 వస్తే వచ్చినట్టు, లేదంటే హాఫ్. ఒక చిన్న డౌట్ అక్కా, నేను నాలుగున్నరకే బయటికి వెళ్తా కదా, అక్కడ అపార్ట్‌మెంట్లలో గేటు తాళం ఎన్నింటికి తీస్తారు?

తార్నాక_అక్క:
మా దాంట్లో అయిదింటికి. వాచ్‌మన్‌ని లేపితే మొహం గంటు పెట్టుకుంటాడు, మొదటి నెలే ఒక తాళంచెవి అడిగి తీసుకో. శనివారం వచ్చేటప్పుడు మెసేజ్ పెట్టు, మా వీధిలో రెండు టులెట్ బోర్డులు ఉన్నాయి, ఒకటి గ్రౌండ్ ఫ్లోరే.