సమస్య: శ్రుతియె తప్ప సభకు సుఖము గలిగె

పృచ్ఛకుడు: ఈ వారం ఛందస్సు ఆటవెలది, పైన ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. పెద్ద విద్వాంసుల కచేరీ ఎదురుగా కూర్చుని వినడం మీద రాయండి. అన్నవరపు రామస్వామి గారి ఫిడేలు గురించి ఇక్కడ కబుర్లు నడిచాయి కదా, అక్కడ పుట్టిన పాదం ఇది. ఆయన 1926లో పుట్టారు, బాలమురళి గారిలాగే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులు. గురుపరంపర ఇదీ: త్యాగరాజు, మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పంతులు గారు, ఆ తర్వాత ఈయన. పద్మశ్రీ 2021లో గానీ రాలేదు! సరే, శ్రుతి తప్పితే సభ ముఖం చిట్లించాలి గానీ సుఖపడటమేమిటి? మీరే చెప్పాలి.

కృష్ణాతీరం:
దీప మాఱిపోయె దిగులేల యని వృద్ధుఁ
డెలుఁగు నెత్తి పాడె నింపుగాను
యంత్ర మాఁగిపోయె నంతరంగము మ్రోఁగె
శ్రుతియె తప్ప సభకు సుఖము గలిగె

పృచ్ఛకుడు: మూడో పాదం చాలా బాగుంది, యం-అం యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరమైత్రి) కూడా హాయిగా పడింది. "ఇంపుగాను"లో ఆ "గాను" మాత్రం పాదం నింపడానికే వచ్చింది.

ఫిడేలు మావయ్య: ఇంకో చిక్కుంది. ఇప్పుడు సగంమంది ఫోన్లో తంబురా యాప్ పెట్టుకుంటున్నారు, కరెంటు పోయినా అది ఆగదు 😀

కృష్ణాతీరం: గోడకి ప్లగ్గు పెట్టే శ్రుతిపెట్టె అనుకోండి సార్, పద్యం బతుకుతుంది.

ఫిడేలు మావయ్య: సరే, నాది.
ఏండ్లు పైనఁ బడిన నెలమి వాయించుచుఁ
దంతి జాఱ గురుఁడు తడవు లేక
బిరడఁ ద్రిప్పి నవ్వె విడువక రాగమ్ము
శ్రుతియె తప్ప సభకు సుఖము గలిగె

ఏసీ హాల్లో బిరడలు (తీగలు బిగించి శ్రుతి చేసే పిడులు) జారడం మామూలే. కుర్రాళ్ళయితే టెన్షన్ పడి రాగం ఆపేస్తారు. పెద్దాయన కమాను ఆపకుండా మిగతా తీగల మీద ఆలాపన నడుపుతూనే, సందు దొరికినప్పుడల్లా ఎడంచేత్తో బిరడ సర్దుకుంటుంటే ఆ నిమిషం చూడాలి, కీర్తనకంటే దానికే ఎక్కువ చప్పట్లు పడతాయి.

తెనాలి చిన్నోడు:
తాత చేఁ గమాను తడఁబడు టెఱుఁగదు
కనులు మూసి జనము గదలదాయె
వేఱు సోఁకలేదు వీనుల కేదియు
శ్రుతియె తప్ప, సభకు సుఖము గలిగె

కొత్త కలం: అబ్బ! "తప్ప"ని "మినహా" అనే అర్థంలోకి ఎలా విరిచారండీ! నాది మొదటి ప్రయత్నం, తిట్టకండి.
మోహనమ్ము పాడి ముదమార నాధార
షడ్జ మిటుల మార్చి సాగె నతఁడు
కొత్త రాగ మొకటి కనిపించె నందులో
శ్రుతియె తప్ప సభకు సుఖము గలిగె

పృచ్ఛకుడు: గ్రహభేదం, అంటే రాగంలో ఇంకో స్వరాన్ని షడ్జం (స) చేసుకుని వేరే రాగం పుట్టించడం, తీసుకోవడం మంచి ఊహ. మోహనంలో గాంధారాన్ని షడ్జం చేసుకుంటే హిందోళం, రిషభాన్ని చేసుకుంటే మధ్యమావతి. మూడో పాదంలో యతి చెడింది, "కొ"కి "క" కుదరదు. "గోచరించెను లోన" అని మార్చండి, గణాలూ సరిపోతాయి.

ఫిడేలు మావయ్య: గ్రహభేదంలో శ్రుతి తప్పదు కదండీ. తంబురా పాత షడ్జం మీదే ఉంటుంది, గాయకుడు ఆధారం జరిపి నాలుగు సంగతులు వేసి వెనక్కొచ్చేస్తాడు. ఎక్కువసేపు అక్కడే తిరిగితే వినేవాళ్ళకి అసలు రాగం చెదిరిపోతుంది.

కొత్త కలం: "తప్పినట్లు తోచి" అనే అర్థంలో రాశాను సార్.

ఫిడేలు మావయ్య: ఆ "తోచి" పద్యంలో ఎక్కడుంది మరి?

పృచ్ఛకుడు: నా ఓటు బిరడ పద్యానికి. చిన్నోడి విరుపు చమత్కారమే, కాదనను, కానీ అందులో శ్రుతి తప్పనే లేదు, సమస్య పక్కనుంచి జారుకున్నాడు. మావయ్య గారు తప్పిన శ్రుతిని ఒప్పుకుని, సుఖం అందులోంచే పుట్టించారు.

తెనాలి చిన్నోడు: అవధానాల్లో విరుపుకే కదండీ చప్పట్లు కొట్టేది! ఒప్పుకోను. కొత్త కలం గారూ, "తోచి" పెట్టి మళ్ళీ రాయండి, రెండో పాదంలో "సాగె నతఁడు" తీసేస్తే చోటు దొరుకుతుంది.