ఎన్‌ఎక్స్‌టీ గొప్పదా, మెయిన్ రోస్టర్ గొప్పదా? టీ కొట్టులో తేలలేదు, ఇక్కడైనా తేలుస్తారా

గంటస్తంభం గురూ (విజయనగరం)

నిన్న బుధవారం పొద్దున్న మూడు లాంతర్ల దగ్గర టీ కొట్టులో కూర్చుని ఫోన్‌లో ఎన్‌ఎక్స్‌టీ చూస్తున్నాను. మా బావమరిది వచ్చి పక్కన చేరి, "ట్రైనింగ్ బ్యాచ్ కుస్తీ కోసం ఇంత పొద్దున్నే లేచావేటి బావా" అన్నాడు. టీ చల్లారిపోయింది గానీ గొడవ చల్లారలేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. డబ్ల్యూడబ్ల్యూఈ అంటే ఎవరు గెలవాలో ముందే రాసుకుని ఆడే అమెరికా కుస్తీ కంపెనీ. అందులో 'రా', స్మాక్‌డౌన్ పెద్ద షోలు. వాటిలో ఉండేవాళ్ళే మెయిన్ రోస్టర్. అక్కడికి వెళ్ళేలోపు తయారయ్యే చోటు ఎన్‌ఎక్స్‌టీ. 2010లో రియాలిటీ షోగా మొదలైంది, 2012 నుంచి ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళ షో అయింది. చాలా ఏళ్ళు ఫ్లోరిడాలోని ఫుల్ సెయిల్ యూనివర్సిటీలో కొన్ని వందల మంది ముందే తీశారు.

నా మాట సూటిగా చెప్తాను. మంచి కుస్తీ చూడాలంటే ఎన్‌ఎక్స్‌టీయే. 2018 ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్‌లో గార్గానో, చాంపా ఆట గుర్తుందా? ఒకప్పుడు జోడీగా ఆడిన స్నేహితులు. చాంపా వెన్నుపోటు పొడిచాడు. ఆ రోజు అతను రింగ్‌కి వస్తుంటే మ్యూజిక్ వెయ్యలేదు. హాలంతా తిడుతుంటే ఆ తిట్లలోంచే నడిచొచ్చాడు. చివర్లో ఇద్దరూ లేవలేక రింగ్‌లో పక్కపక్కనే కూలబడితే, గార్గానో చెయ్యెత్తి కూడా కొట్టలేక ఆగిపోయాడు. చాంపా మోకాలి పట్టీ తీసి దొంగదెబ్బ వెయ్యబోయాడు. అదే పట్టీతో గార్గానో అతని మొహం వెనక్కి లాగి పట్టు బిగించి గెలిచాడు. ఒక్క మాట మాట్లాడకుండా కథంతా చెప్పేశారు.

ఇప్పుడు మెయిన్ రోస్టర్ సంగతి. క్యారియన్ క్రాస్ ఎన్‌ఎక్స్‌టీ ఛాంపియన్, అప్పటిదాకా అక్కడ ఒక్కసారి కూడా పిన్ కాలేదు (భుజాలు నేలకి ఆనించి ఎవరూ ఓడించలేదు). 2021 జూలైలో 'రా'లో మొదటి ఆట పెట్టి, రెండు నిమిషాలు కూడా కాకుండా జెఫ్ హార్డీ చేతిలో ఓడించేశారు. అప్పటికి బెల్టు ఇంకా అతని దగ్గరే ఉంది! ఏడాదికి పైగా పెంచిన మొక్కని గేటు దగ్గరే తొక్కేస్తే ఏమనాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

గురూ, వాళ్ళ పండగ భోజనం తెచ్చి వీళ్ళ రోజువారీ చద్దన్నం పక్కన పెట్టి రుచి చూడమంటున్నావు. నువ్వు చెప్పిన గార్గానో ఆట టేకోవర్‌లోది. టేకోవర్ అంటే ఎన్‌ఎక్స్‌టీ వాళ్ళ పెద్ద షో, రెండు మూడు నెలలకోసారి వచ్చేది, నాలుగైదు ఆటలే. 'రా' ఏడాదికి యాభై రెండు వారాలు. 2012 జూలై నుంచి ఏళ్ళ తరబడి వారానికి మూడు గంటలు నడిపారు. ఎన్‌ఎక్స్‌టీ 2019 సెప్టెంబర్ దాకా వారానికి ఒక్క గంట. గంట నిండటానికి ఏం కావాలి, మూడు గంటలు నిండటానికి ఏం కావాలి, నువ్వే చెప్పు.

ఇంకోటి. ట్రైనింగ్ బ్యాచ్ అంటున్నావు, ఎవరా బ్యాచ్? సమోవా జో 1999 నుంచి ఆడుతున్నాడు. నకమురా జపాన్‌లో అక్కడి పెద్ద టైటిల్ గెలిచి వచ్చాడు. కెవిన్ ఓవెన్స్, సామీ జేన్ పదేళ్ళకి పైగా ఊరూరా తిరిగి ఆడినవాళ్ళు. డిగ్రీ కాలేజీ లెక్చరర్లని తీసుకొచ్చి పదో తరగతి పరీక్ష రాయించి, "మా స్కూలుకి ఫస్ట్ ర్యాంక్" అని ఫ్లెక్సీ కట్టినట్టుంది.

గంటస్తంభం గురూ

ఫ్లెక్సీ మాటకి నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. కానీ అదే లెక్చరర్లు మెయిన్ రోస్టర్‌కి వెళ్ళాక వాళ్ళ చేత ఏం చేయించారు? సమాధానం చెప్పు. టైలర్ బ్రీజ్, బో డాలస్, అసెన్షన్... ఎన్‌ఎక్స్‌టీలో పేరు తెచ్చుకున్నవాళ్ళు. అక్కడికి వెళ్ళాక కామెడీ బొమ్మలైపోయారు.

ఏడురోడ్ల మాస్టారు (శ్రీకాకుళం)

మీ ఇద్దరి కంటే పెద్దవాణ్ణి, టెన్ స్పోర్ట్స్ కాలం వాణ్ణి. ఒక సంగతి చెప్తాను.

మా చిన్నప్పుడు కిరాణా కొట్లో కుస్తీ వీరుల కార్డులు అమ్మేవారు. మీకూ గుర్తుండే ఉంటాయి. ఒక్కో కార్డు మీద ఫోటో, కింద ర్యాంక్, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. ఛాతీ అని పిలిచి, ఎవడి కార్డులో అంకె పెద్దదైతే వాడు అవతలివాడి కార్డు లాక్కునేవాడు. మధ్యాహ్నం నిద్రలు మానేసి అరుగుల మీద అదే పని. ఆ కార్డు మీద ఎక్కడా "ఎంత బాగా ఆడతాడు" అన్న గడి లేదు. మెయిన్ రోస్టర్ చాలా ఏళ్ళు ఆ కార్డు చూసే ఛాంపియన్లని పెట్టింది. పొడుగు, కండ, మొహం. ఎన్‌ఎక్స్‌టీ చేసిన పని, కార్డు మీద ఆ లేని గడి గీయడం. కాబట్టి గురూ వైపు సగం మార్కులు.

మిగతా సగం ఎందుకివ్వనంటే... మన కోడి రామ్మూర్తి నాయుడు గారిని చూడండి. వీరఘట్టంలో పుట్టారు, మీ విజయనగరంలోనే వ్యాయామం మాస్టారుగా చేశారు. అంత బలం ఉన్న మనిషికి కూడా సర్కస్ పెట్టాల్సొచ్చింది. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకోవడం వ్యాయామశాలలో చేస్తే పది మంది చూస్తారు, డేరాలో చేస్తే దేశమంతా చెప్పుకుంటుంది. ఆ డేరా నడపడం వేరే విద్య. దాన్ని తక్కువ చెయ్యకండి.

(మా అమ్మ ఇప్పటికీ "రా చూస్తున్నా" అంటే "ఎక్కడికి రమ్మంటన్నారు" అని అడుగుతుంది. నలభై ఏళ్ళొచ్చినా ఇంట్లో ఇదీ నా పరువు.)

అరసవల్లి అమ్మాయి

ఇక్కడ అందరూ మగవాళ్ళ ఆటల గురించే కొట్టుకుంటున్నారు. ఎన్‌ఎక్స్‌టీ మెరుగా కాదా అన్నది ఆడవాళ్ళ ఆటలు చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

2015 ఫిబ్రవరిలో 'రా'లో నలుగురు అమ్మాయిల ట్యాగ్ (జోడీల) ఆట అర నిమిషంలో అయిపోయింది. అర నిమిషం! రింగ్‌లోకి నడిచొచ్చిన టైమే అంతకంటే ఎక్కువ. మూడు గంటల షోలో వాళ్ళకి దొరికింది అది. అభిమానులు ఆన్‌లైన్‌లో గోల చేస్తే గానీ కంపెనీ కదల్లేదు. అదే ఏడాది ఆగస్టులో ఎన్‌ఎక్స్‌టీ వాళ్ళు బేలీని, సాషా బ్యాంక్స్‌ని బ్రూక్లిన్ బార్‌క్లేస్ సెంటర్‌లో దించారు. అక్టోబర్‌లో అదే ఇద్దరికీ ముప్పై నిమిషాల ఐరన్ మ్యాన్ ఆట (గడువులోపల ఎవరు ఎక్కువసార్లు గెలిస్తే వాళ్ళదే ఆట) ఇచ్చారు, అదీ షో చివర్లో, మెయిన్ ఈవెంట్‌గా. ఆ ఆటలో సాషా రింగ్ పక్కన కూర్చున్న ఒక చిన్న పిల్ల తలకున్న బ్యాండ్ లాక్కుంది. పిల్ల బేలీ అభిమాని, భోరుమంది. నేను సాషాని ఎంత తిట్టుకున్నానో! ఆ తిట్టించుకోవడమే పనితనం. 'రా'లో అంత టైమ్, అంత నమ్మకం అమ్మాయిలకి అప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

నాగావళి గట్టు

అక్కా, నీ మాట కాదనలేను. కానీ 2019లో, ఏడాదికోసారి జరిగే అతి పెద్ద షో రెజిల్‌మేనియాలో చివరి ఆటగా బెకీ, షార్లెట్, రౌండా ఆడింది మెయిన్ రోస్టర్‌లోనే కదా? 2021లో బియాంకా, సాషా మొదటి రాత్రి చివర్లో ఆడింది కూడా అక్కడే.

అరసవల్లి అమ్మాయి

అవును. బెకీ, షార్లెట్, సాషా, బియాంకా. నలుగురూ ఎన్‌ఎక్స్‌టీ నుంచి వెళ్ళినవాళ్ళే. పంట ఎక్కడ పండిందో చూడు తమ్ముడూ, సంత ఎక్కడ జరిగిందో కాదు.

కొండవెలగాడ బార్‌బెల్

నేను కుస్తీ వాణ్ణి కాదు, వెయిట్‌లిఫ్టింగ్ చేసినవాణ్ణి. నెల్లిమర్ల పక్కన మా ఊరు ఎందుకు పేరుపడిందో మీకు తెలుసు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ ఆటల్లో మత్స సంతోషి పతకం తెచ్చింది ఈ ఊరి నుంచే.

మీ గొడవలో నాకు నచ్చనిది ఒకటే. "క్వాలిటీ" అంటూ రెండింటినీ ఒకే కాటా మీద పెడుతున్నారు. పోటీలో మాకు స్నాచ్‌కి మూడు ప్రయత్నాలు, క్లీన్ అండ్ జెర్క్‌కి మూడు. ప్రాక్టీసులో లెక్కే లేదు. బరువు చేతిలోంచి జారినా, వెనక్కి పడినా, మోచెయ్యి వణికినా ఎవరూ అడగరు. ఎన్‌ఎక్స్‌టీ ఆ ప్రాక్టీసు షెడ్డులా ఉండాలి. మీరు చెప్పే 2015, 2018 ఎన్‌ఎక్స్‌టీ అలా లేదు. అది పతకాలు తెచ్చినవాళ్ళ ఎగ్జిబిషన్.

2021 సెప్టెంబర్‌లో ఎన్‌ఎక్స్‌టీ 2.0 అని రంగులు పూసి మళ్ళీ మొదలుపెడితే చాలామంది ముక్కు విరిచారు. నాకు అప్పుడే నచ్చింది. బ్రాన్ బ్రేకర్ అప్పుడే వచ్చాడు, పాత రెజ్లర్ రిక్ స్టైనర్ కొడుకు. నాలుగు నెలల్లో బెల్టు కట్టారు. మొదట్లో అతని ఆట చూడండి, ఊపు ఎక్కువ, ఊపిరి తక్కువ. ఎదుటివాణ్ణి ఎత్తేటప్పుడు కాళ్ళు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటాడు. వారం వారం ఆ కాళ్ళు కుదురుకోవడం మన కళ్ళ ముందే జరిగింది. ఓబా ఫెమీ కూడా అంతే. నైజీరియా నుంచి వచ్చి అమెరికా కాలేజీలో షాట్‌పుట్ వేసినవాడు, 2025 జనవరికి ఎన్‌ఎక్స్‌టీ ఛాంపియన్. షాట్‌పుట్ వాడి నడుం ఎలా తిరుగుతుందో నాకు తెలుసు. అతను మనిషిని విసిరినప్పుడు ఆ తిరుగుడు అలాగే కనిపిస్తుంది. నాకైతే అది చాలు, ఐదు స్టార్లు అక్కర్లేదు.

గంటస్తంభం గురూ

బార్‌బెల్ అన్నా, చెప్పింది బాగుంది గానీ నా ప్రశ్న తప్పించుకున్నావు. చూసేవాడికి ఏది బాగుంటుంది?

మన తప్పెటగుళ్ళ సంగతే తీసుకో. ఊళ్ళో పండగకి వస్తే తెల్లారేదాకా ఆడతారు. గుండెల మీద కట్టిన ఆ రేకు గుళ్ళు మోగుతుంటే ముందు వరుసలో ఉన్నవాడికి పక్కటెముకలు అదురుతాయి. అదే జట్టుని ప్రభుత్వ ఉత్సవాల్లో స్టేజీ ఎక్కించి పది నిమిషాలు ఇస్తారు. మనుషులు వాళ్ళే, అడుగులు అవే. కానీ మనిషి మీద మనిషి ఎక్కే అంచెలు కట్టేలోపే "తర్వాతి కార్యక్రమం" అని మైకులో పిలుస్తారు. మెయిన్ రోస్టర్‌కి వెళ్ళిన ఎన్‌ఎక్స్‌టీ వాళ్ళని చూస్తే నాకు ఆ మైకే గుర్తొస్తుంది.

నాగావళి గట్టు

ఇది మంచి దెబ్బ. కానీ మైకు తీసేసి టైమ్ ఇస్తే ఏమైందో కూడా చెప్పు. 2019 సెప్టెంబర్‌లో ఎన్‌ఎక్స్‌టీని యూఎస్‌ఏ నెట్‌వర్క్ టీవీకి తెచ్చి, షోని రెండు గంటలు చేశారు. అక్టోబర్ నుంచి అమెరికాలో అదే బుధవారం రాత్రి ఏఈడబ్ల్యూ అనే వేరే కుస్తీ కంపెనీ షో పోటీకి దిగింది. ఎక్కువ వారాలు ఏఈడబ్ల్యూనే ఎక్కువ మంది చూశారు. 2021 ఏప్రిల్‌లో ఎన్‌ఎక్స్‌టీ మంగళవారానికి జరిగిపోయింది. వారానికి రెండు గంటలు నింపాల్సి వచ్చేసరికి దానికీ చద్దన్నం వాసన వచ్చింది. తప్పు మెయిన్ రోస్టర్ రక్తంలో లేదు గురూ, గంటల్లో ఉంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలిలో డబ్ల్యూడబ్ల్యూఈ షో పెట్టారు. ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాను. టికెట్ ఖరీదు ఇంట్లో ఇప్పటికీ సగమే చెప్పాను. సీటు ఎక్కడో పైన. రింగ్ అగ్గిపెట్టెంత కనపడింది. జాన్ సీనా మ్యూజిక్ పడగానే పక్కవాడు ఎవడో తెలీదు, నన్ను వాటేసుకుని ఏడ్చాడు. ఫుల్ సెయిల్‌లో కొన్ని వందల మందికి ఆ హోరు రాదు, ఎంత బాగా ఆడినా రాదు.

అయితే ఇది గురూకి పనికొచ్చే ముక్క, నిజాయితీగా ఇస్తున్నాను. ఆ రాత్రి సీనా, సెత్ రోలిన్స్ మీద ఆడింది లుడ్విగ్ కైజర్, జియోవాన్నీ విన్చీ. ఇద్దరూ ఎన్‌ఎక్స్‌టీలో జోడీగా ట్యాగ్ టైటిల్ గెలిచినవాళ్ళు. మా వరుసలో ఒక్కడికీ వాళ్ళ పేర్లు తెలీవు. సీనా భుజం తగిలితే చాలు, పై వరుసకి కూడా కనపడేలా పడ్డారు. మాకు సీనా దేవుడిలా కనిపించాడంటే అందులో సగం ఆ ఇద్దరి పుణ్యం.

అరసవల్లి అమ్మాయి

మీరిద్దరూ మర్చిపోయిన కథ ఒకటుంది. 2014 డిసెంబర్, సామీ జేన్ ఎన్‌ఎక్స్‌టీ టైటిల్ గెలిచిన రాత్రి. స్నేహితుడు కెవిన్ ఓవెన్స్ రింగ్‌లోకి వచ్చి కౌగిలించుకున్నాడు. కాసేపటికి అదే సామీని ఎత్తి రింగ్ అంచు మీద పవర్‌బాంబ్ వేశాడు. ఆ అంచుకి రింగ్ నడిమధ్య ఉన్నంత మెత్తదనం ఉండదు. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది.

2023 ఏప్రిల్, రెజిల్‌మేనియా మొదటి రాత్రి, చివరి ఆట. అదే ఇద్దరూ జట్టుగా ఊసో అన్నదమ్ముల మీద ట్యాగ్ టైటిల్స్ గెలిచారు. మళ్ళీ కౌగిలించుకున్నారు. ఎనిమిదేళ్ళ పైచిలుకు. నేను ఆ కౌగిలి చూస్తూ, ఇప్పుడు కొడతాడేమో అని ఊపిరి బిగబట్టాను. కొట్టలేదు. ఈ భయం ఎన్‌ఎక్స్‌టీ చూడనివాళ్ళకి రాదు. ఆ స్టేడియం లేకపోతే నాకూ అంత పెద్దగా వచ్చేది కాదు.

ఏడురోడ్ల మాస్టారు

అమ్మాయీ, ఆ 2014 ఆట నేను చూడలేదు. ఎక్కడ దొరుకుతుంది?

గంటస్తంభం గురూ

మాస్టారూ, ఇన్‌బాక్స్‌లో పంపిస్తాను.

నా మాటలో ఒక్కటి మార్చుకుంటున్నాను. "ఎన్‌ఎక్స్‌టీయే గొప్ప" అన్నాను కదా, "2014 నుంచి 2018 దాకా ఉన్న ఎన్‌ఎక్స్‌టీ, ఆ నాటి 'రా' కంటే గొప్ప" అని చదువుకోండి. దాని మీద మాత్రం దిగను. క్రాస్‌ని రెండు నిమిషాల్లో ఓడించినవాళ్ళని ఈ జన్మకి క్షమించను కూడా.

ఈ చర్చంతా మా బావమరిదికి చదివి వినిపించాను. చద్దన్నం దగ్గర "చూశావా" అన్నాడు, తప్పెటగుళ్ళ దగ్గర ఏమీ అనలేదు. కౌగిలి దగ్గరికి వచ్చేసరికి ఫోన్ లాక్కుని తనే చదువుకున్నాడు. వచ్చే బుధవారం ఐదున్నరకి తనూ వస్తాడట. టీ డబ్బులు మాత్రం నన్నే ఇమ్మంటున్నాడు.